అమ్మానాన్నల చర్మం బాగానే ఉన్నా బిడ్డకు పుట్టుకతో బొబ్బలు ఎందుకొస్తాయి?

తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యువులో బయటపడని లోపం ఉండి, పాడైన ఆ రెండు కాపీలూ బిడ్డకు చేరితే ఈ జబ్బు వస్తుంది. దీన్ని ఎపిడెర్మోలైసిస్ బులోసా అంటారు. మనలో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.

చర్మం పై పొర కింది పొరను అంటిపెట్టుకుని ఉండాలంటే కొన్ని ప్రొటీన్లు సరిగ్గా తయారవ్వాలి. కెరాటిన్ 5, 14 పై పొర కణాలకు లోపలినుంచి బలాన్నిస్తాయి. లామినిన్ 332 రెండు పొరల మధ్య జిగురులాంటిది. కొల్లాజెన్ 7 కొక్కెంలా పై పొరను కింది పొరకు బిగించి ఉంచుతుంది. వీటిలో ఏది లోపించినా అక్కడ పట్టు వదులుతుంది. చొక్కా కుట్టు ఒరుసుకున్నా చాలు, ఊడిన చోట నీరు చేరి బొబ్బ లేస్తుంది.

ఉదాహరణకు, కొల్లాజెన్ 7ను తయారుచేసే జన్యువులో తల్లికీ తండ్రికీ ఒక్కో కాపీ పాడై ఉందనుకోండి. రెండో కాపీ బాగుంటుంది కాబట్టి వాళ్లకు ఏమీ తెలియదు. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం మాత్రం 25 శాతం. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అలాగని మేనరికమే జబ్బును పుట్టించదు, బయటి సంబంధాల్లోనూ వస్తుంది. కెరాటిన్ లోపంతో వచ్చే రకాల్లో ఎక్కువ భాగం ఇలా కాదు, ఒక్క కాపీ పాడైనా చాలు. అది తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు, బిడ్డలో కొత్తగానూ ఏర్పడవచ్చు.

25 శాతం అంటే "ఒకరికి వచ్చేసింది, ఇక తర్వాతి ముగ్గురికి రాదు" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు, ప్రతి కాన్పుకూ అదే 25 శాతం. ఇక ఇది అంటువ్యాధి కానే కాదు, పిల్లల్ని ఎత్తుకోవడానికి భయపడక్కర్లేదు. రాపిడి తగలకుండా నెమ్మదిగా ఎత్తుకోవాలి, అంతే.