ఓడలోని గది, శబ్దం, తిండి సిబ్బంది ఆరోగ్యాన్ని నిజంగా మారుస్తాయా?

మారుస్తాయి, అన్నిటికంటే ముందు నిద్ర ద్వారా. ఓడలో పనిచేసే చోటే ఇల్లు కూడా. డ్యూటీ అయిపోయినా ఇంజన్ మోత, కంపనం ఆగవు. చిన్న ఓడల్లో చాలావాటిలో ఆరు గంటల పని, ఆరు గంటల విరామం పద్ధతి ఉంటుంది. ఆ ఆరు గంటల్లోనే స్నానం, భోజనం, ఇంటికి ఫోన్ అన్నీ కావాలి, కాబట్టి ఏకబిగిన నిద్ర ఐదు గంటలు కూడా దక్కడం కష్టం. ఇలా వారాల తరబడి సాగితే చిరాకు పెరుగుతుంది, నిర్ణయాలు నెమ్మదిస్తాయి, ప్రమాదాలు జరుగుతాయి.

ఓడ సిబ్బంది హక్కుల కోసం దేశాలు చేసుకున్న 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలంటుంది. అయితే విశ్రాంతి గంటలన్నీ నిద్ర గంటలు కావు. నా దృష్టిలో అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఇక మనసు సంగతి. గదిలో నీళ్లు కారుతున్నా, ఏసీ పాడైనా ఎవరూ పట్టించుకోకపోతే, "మా ప్రాణాలకి విలువ లేదు" అనే భావన సిబ్బందిలో బలపడుతుంది. అప్పుడు భద్రతా నియమాల మీద కూడా నమ్మకం పోతుంది, చిన్న లోపాలు పైవాళ్లకి చెప్పడం మానేస్తారు. వంట బాగుండి, అందరూ కలిసి తినే ఓడలో ఒంటరితనం తగ్గుతుంది. ఇంటర్నెట్ కూడా అవసరమే. కాకపోతే ఎవరి గదిలో వాళ్లు ఉండిపోయే అలవాటూ దానితోనే వస్తుంది.