టైరు మాట: ‘ఆల్ సీజన్’లో బఫెలో చలికాలం కూడా ఉంటుందా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది కావలి. మా అబ్బాయి అమెరికాలో బఫెలోలో ఉద్యోగంలో చేరాడు. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో స్పోర్టీ సెడాన్ కారు కొన్నాడు. 18 అంగుళాల చక్రాలు, ఆల్ వీల్ డ్రైవ్. పాత టైర్లు అరిగిపోయాయి. ‘ఆల్ సీజన్’ టైర్లు వేయిస్తే ఏడాదంతా చాలని వాడంటాడు, చలికాలానికి వేరే సెట్టు ఉండాల్సిందేనని వాడి రూమ్మేటు అంటాడు. అన్ని కాలాల టైరు అన్నాక అందులో చలికాలం కూడా ఉన్నట్టే కదా? అక్కడి మంచు వీడియోలు చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: చెల్లెమ్మా, రూమ్మేటు చెప్పిందే నిజం. మీరడిగిన మాటే ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా నాది టైర్ల పనే. మొదట చీమకుర్తి గ్రానైట్ లారీలకు, తర్వాత నెల్లూరు ఆటోనగర్‌లో కార్లకు. మా అమ్మాయి పురుడుకని నేనూ మా ఆవిడా మిషిగన్ వెళ్ళి నవంబరు నుంచి మార్చి దాకా ఉన్నాం. డిసెంబరులో ఒక సాయంత్రం అల్లుడితో కలిసి పాలు తేవడానికి కారులో బయల్దేరాను. వీధి చివర కొంచెం పల్లం, అక్కడ స్టాప్ బోర్డు. అల్లుడు నెమ్మదిగానే వస్తూ చాలా ముందే బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. చప్పుడు లేకుండా జారుతూ కూడలి మధ్యకు వెళ్ళి నిలబడింది. ఆ క్షణాన అటు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి ఇద్దరం క్షేమంగా ఇంటికి చేరాం.

ఇంటికి రాగానే టార్చి వేసి టైర్లు చూశాను. ఆల్ సీజన్ టైర్లే, గీతలు ముప్పాతిక వంతు ఉన్నాయి. మన షాపుకు వచ్చుంటే ‘ఇంకా రెండేళ్ళు ఢోకా లేదు’ అని నేనే పంపించేసేవాణ్ణి. బొటనవేలితో నొక్కితే మాత్రం రబ్బరు చెక్కలా ఉంది. పొద్దున గిన్నెలో నెయ్యి ఎలా గడ్డకడుతుందో చలికి రబ్బరూ అలాగే బిగుసుకుంటుంది. మామూలు ఆల్ సీజన్ రబ్బరు దాదాపు 7 డిగ్రీల కింద పట్టు కోల్పోవడం మొదలుపెడుతుంది. నెల్లూరులో పుట్టి పెరిగిన మనకు ఆ 7 డిగ్రీలే తెలియవు. బఫెలోలో జనవరి రాత్రుళ్ళు సున్నాకి దిగువనే ఉంటాయి. పక్కనే ఉన్న ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలి తేమను మోసుకొచ్చి మంచుగా కుమ్మరిస్తుంది.

వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు వందల్లో ఉంటాయి, వాటిని సైప్స్ అంటారు. రోడ్డు మీది మంచు ఆ చీలికల్లోకి, టైరు గాడుల్లోకి దూరి ఇరుక్కుంటుంది, మంచుకు మంచు బాగా పట్టుకుంటుంది కాబట్టి చక్రం నిలదొక్కుకుంటుంది. మన దగ్గర టైరులో చెత్త చేరితే గీకి తీసేస్తాం. అక్కడ ఇరుక్కున్న మంచే కాపాడుతుందని తెలిసినప్పుడు ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నాకే ఆశ్చర్యమేసింది.

ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని బాబు నమ్మకం పెట్టుకుని ఉంటే, దాని గురించి గట్టిగా చెప్పాలి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే మంచులోంచి బండి బాగా కదులుతుంది. కానీ బ్రేకు నాలుగు చక్రాలకూ ప్రతి కారులోనూ ఉన్నదే. ఆపేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు పట్టు ఇవ్వాల్సింది టైరు ఒక్కటే. సులువుగా బయల్దేరింది కదా అని ధైర్యంగా వేగం పెంచుతారు, ఆపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. కుర్రవాళ్ళ విషయంలో నా భయం అదే.

టైరు పక్క గోడ మీద గుర్తు చూడమనండి. ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంటే బురదకు, మంచుకు పనికొచ్చే గాడులు ఉన్నాయని అర్థం, అంతే. దానికి మంచులో పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటే ఆ టైరు గట్టిపడ్డ మంచు మీద పరీక్ష నెగ్గినట్టు. ఆ పరీక్ష కూడా మంచు మీదే, అద్దంలా పేరుకునే ఐసు మీద కాదు. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. బఫెలో ఉన్న న్యూయార్క్ రాష్ట్రంలో మామూలు కార్లకు అలాంటి చట్టం లేదు కాబట్టి జాగ్రత్త మనమే పడాలి.

నా సలహా రెండు సెట్లు. వేసవికి 18 అంగుళాల చక్రాల మీద తనకు నచ్చిన స్పోర్టీ టైర్లు, చలికాలానికి 17 అంగుళాల మామూలు చక్రాల మీద వింటర్ టైర్లు. ఇప్పుడు టైరు మీద 235/40 ఆర్18 అనే సైజు ఉంటే 215/50 ఆర్17 సైజు టైరు ఎత్తు దాదాపు అంతే వస్తుంది. పక్క గోడ ఎత్తుగా ఉంటే మంచు కింద కనపడని గుంటలో పడ్డా రిమ్ము వంగే అవకాశం తక్కువ. స్పోర్టీ కార్లకు బ్రేకు డిస్కులు పెద్దవి, కాబట్టి 17 అంగుళాల చక్రం లోపల అవి పడతాయో లేదో ముందే చూపించాలి. నాలుగూ ఒకే రకం వేయాలి. ముందు రెండూ మారిస్తే చాలనుకుంటే ముందు పట్టుకుని వెనక జారి బండి గిర్రున తిరుగుతుంది.

ఖర్చు రెట్టింపని బెంగ వద్దు. ఒక సెట్టు తిరుగుతుంటే రెండోది మూలన విశ్రాంతి తీసుకుంటుంది, రెండూ ఎక్కువ ఏళ్ళు వస్తాయి. ఏప్రిల్‌లో మాత్రం వింటర్ టైర్లు విప్పేయాలి, వేడికి ఆ మెత్తని రబ్బరు తొందరగా అరిగిపోతుంది.

అద్దె ఇంట్లో రెండో సెట్టు పెట్టే చోటు లేకపోతే కొండ గుర్తున్న ‘ఆల్ వెదర్’ టైర్లు కొనమనండి. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 అలాంటిదే. కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ గురించి కూడా వాడు విని ఉంటాడు. పొడి, తడి రోడ్ల మీద చక్కటి టైరు. గీతల్లో డి, డబ్ల్యూ, ఎస్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, ‘ఎస్’ అరిగిపోతే ఇక మంచుకు పనికిరాదని గుర్తు. ఆ అక్షరాల ఏర్పాటు నాకెంతో నచ్చింది. కానీ కొండ గుర్తు లేని టైరును బఫెలో జనవరికి నేను సిఫారసు చేయను.

చట్టం లెక్కన గీతల లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా తిరగొచ్చు. మంచులో 5 మిల్లీమీటర్ల లోపుకు వస్తే మార్చేయడమే. చలికి గాలి కూడా తగ్గుతుంది, ఇంచుమించు ప్రతి 5, 6 డిగ్రీలకు ఒక పాయింటు. సెప్టెంబరులో 35 కొట్టించి వదిలేస్తే జనవరిలో 29, 30 మాత్రమే ఉంటుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరులోని అంకె చూసుకుని, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించుకోవాలి.

అక్టోబరులోనే షాపులో టైం తీసుకోమనండి, మొదటి మంచు పడ్డాక అక్కడ రద్దీ మామూలుగా ఉండదు. మంచు పడ్డ మొదటి ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలంలో 15 మైళ్ళ వేగంలో గట్టిగా బ్రేకు తొక్కి చూడమనండి. పెడల్ పాదం కింద గరగరలాడుతుంది. అది ఏబీఎస్, అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పని చేయడం. భయపడి కాలు తీయకూడదు. రోడ్డు కన్నా వంతెన ముందు గడ్డకడుతుందని, దాని మీద బ్రేకు తొక్కకుండా ముందే నెమ్మదించాలని ఫోన్‌లో మీరే చెప్పండి. కొన్న టైరు పక్క గోడ ఫోటో పంపిస్తే గుర్తు సరైనదో కాదో చూసి చెబుతాను.