కేబుల్ తీసేసి డిష్ పెట్టించుకుంటే బిల్లు తగ్గుతుందా?

ప్రశ్న: టెక్సస్‌లో, కాలిన్ కౌంటీ ఉత్తరపు అంచున ఎకరంన్నర స్థలంలో ఇల్లు కొనుక్కుని రెండేళ్ళయింది. మా వీధిలోకి వచ్చే నెట్ లైను ఒకే ఒక్క కేబుల్ కంపెనీది. మొదటి ఏడాది నెలకు 60 డాలర్లు కట్టాం, ఇప్పుడు మోడెం అద్దె 15తో కలిపి 110 అవుతోంది. అంత కట్టినా నెలకు మూడు నాలుగుసార్లు పోతోంది. నేను ఇంటినుంచే పనిచేస్తాను, గంటకు 62 డాలర్ల కాంట్రాక్టు. పోయిన నెల నెట్ లేక ఐదు గంటలు టైమ్‌షీట్‌లో వేసుకోలేకపోయాను. మావారేమో కేబుల్ పీకేసి, ఉపగ్రహాల నుంచి డిష్ ద్వారా నెట్ ఇచ్చే స్టార్‌లింక్ పెట్టిద్దామంటున్నారు. మా అడ్రసుకు నెలకు 120, కిట్‌కు 349 చూపిస్తోంది. పెరట్లో రెండు పెద్ద పెకాన్ చెట్లున్నాయి. మాకు ఖర్చు తగ్గుతుందంటారా?

జవాబు: తగ్గదండీ, పెరుగుతుంది. అయినా ఒక నెల పెట్టి చూడమనే చెబుతాను. ఎందుకో లెక్కతోనే చెబుతా.

మూడేళ్ళకు వేసుకుందాం. నెలకు 120 చొప్పున 36 నెలలకు 4,320. కిట్ 349. కప్పు మీద బిగించే స్టాండు, కూలీ కలిపి 200 అనుకుందాం. చాలామంది లెక్కలోకి తీసుకోనిది కరెంటు. ఆ డిష్ రాత్రీ పగలూ 75 నుంచి 100 వాట్లు లాగుతూనే ఉంటుంది. 75 అనుకున్నా నెలకు 54 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లయితే నెలకు 8 డాలర్లు, మూడేళ్ళకు 290 దాకా. అన్నీ కలిపితే 5,160 దరిదాపు.

కేబుల్‌కు ఇప్పుడు కడుతున్నట్టే కడితే 3,960. మోడెం అద్దె మానేసి 180 పెట్టి సొంతది కొనుక్కుంటే 3,600కే తెమిలిపోతుంది. అంటే డిష్‌కు మూడేళ్ళలో 1,560 ఎక్కువ, నెలకు 43 డాలర్లు. (సొంత మోడెం సంగతి డిష్ పెట్టినా పెట్టకపోయినా ఈ వారమే చూడండి. కేబుల్ కంపెనీ ఒప్పుకునే మోడళ్ళ జాబితా వాళ్ళ సైటులోనే ఉంటుంది. నెలకు 15 చొప్పున రెండేళ్ళలో ఇప్పటికే 360 కట్టేశారు.)

అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన అంకె 110 కాదు, ఆ ఐదు గంటలు. గంటకు 62 చొప్పున 310 డాలర్లు. బిల్లు మీద 110 అని రాసి ఉన్నా, పోయిన నెల ఆ నెట్ మీకు 420 డాలర్లకు పడింది. ఆ 310 వెనక్కి వచ్చేటట్టయితే నెలకు 43 అదనంగా కట్టడం తప్పే కాదు. కాబట్టి బిల్లు తగ్గుతుందా అని కాకుండా, ఆ ఐదు గంటలు తిరిగొస్తాయా అని చూడాలి. దానికి మీ కప్పు మీది ఆకాశమే జవాబు చెప్పాలి.

పాతకాలపు శాటిలైట్ నెట్ గురించి చెడుగా విని ఉంటారు. ఆ ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట అంత దూరం వెళ్ళి, దానికి బదులు తిరిగి రావడానికే అర సెకను పైన పడుతుంది. గుంటూరు నుంచి అమ్మ వీడియో కాల్ చేస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ బాధ లేదు, ఆలస్యం మామూలుగా 25 నుంచి 60 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. మీటింగులకు, ఆఫీసు నెట్‌వర్కులోకి వెళ్ళే వీపీఎన్‌కు అది చాలు.

కానీ తక్కువ ఎత్తులో ఉండేవి ఒకచోట నిలబడవు, వేగంగా దాటిపోతూ ఉంటాయి. డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ పోవాలి. దానికి ఆకాశం విశాలంగా, అడ్డు లేకుండా కనిపించాలి. మీ పెకాన్ కొమ్మ ఒక మూల అడ్డొస్తే ఆ మూలకు ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ కొన్ని సెకన్లు లైను తెగుతుంది. సినిమా చూస్తుంటే తెలియను కూడా తెలియదు. క్లయింటుతో మాట్లాడుతుంటే మీ ముఖం బిగుసుకుపోతుంది. స్పీడ్ టెస్టులో మాత్రం 200 ఎంబీపీఎస్ చూపిస్తూనే ఉంటుంది. అందుకే స్పీడ్ చూసి మోసపోవద్దు. స్టార్‌లింక్ యాప్‌లో ఫోన్ కెమెరాతో ఆకాశాన్ని పరిశీలించే సదుపాయం ఉంది. ఆర్డర్ పెట్టకముందే కప్పు మీద డిష్ వచ్చేచోట నిలబడి చూడండి, పైసా ఖర్చు లేదు. అదీ చెట్ల నిండా ఆకులున్నప్పుడు చూడాలి. పెకాన్ ఆకు రాల్చే చెట్టు. జనవరిలో చూసుకుని బ్రహ్మాండంగా ఉందనుకుని, మే నెలలో తల పట్టుకున్నవాళ్ళున్నారు.

చెట్టు కొట్టించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. పెద్ద చెట్టు తీయించాలంటే వేలల్లోకి పోవచ్చు, పైగా టెక్సస్ ఆగస్టులో ఆ నీడ మీ ఏసీ బిల్లుకు ఎంత కాపు కాస్తోందో మీకే తెలుసు. డిష్‌ను గరాజ్ కప్పు మీదికి మార్చండి, లేదా స్తంభం పాతించండి. హెచ్‌ఓఏ (మీ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు అడ్డం చెబితే భయపడక్కర్లేదు. మీ సొంత స్థలంలో, మీటరు లోపు వ్యాసం ఉన్న డిష్‌ను వాళ్ళు నిషేధించడానికి వీల్లేదని ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది.

ఇంకొక మాట. ఈ సేవ 2020 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు కంపెనీయే దానికి 'అసలేమీ లేనిదానికంటే నయం' అని పేరు పెట్టింది. ఇది మొదట ఎవరికోసం పుట్టిందో ఆ పేరే చెబుతోంది. లైను రాని పొలాల్లో, కొండల్లో ఉన్నవాళ్ళకు ఇది నిజంగా వరం. లైను ఉన్నచోట దీన్ని చవకబేరం అనుకోకూడదు. ధర కూడా నిలకడగా లేదు. మొదట నెలకు 99, కిట్ 499. 2022 మార్చిలో 110, 599 చేశారు. మరుసటేడు రద్దీ ఉన్నచోట 120కి పెంచి, ఖాళీ ఉన్నచోట 90కి తగ్గించారు. తరవాత కిట్ ధర దిగింది. అంటే నేను పైన వేసిన మూడేళ్ళ లెక్క మీ ఊళ్ళో చందాదారులు పెరిగే కొద్దీ మారుతుంది. ఆకాశం నుంచి వస్తుంది కాబట్టి ఎప్పుడూ పోదనీ అనుకోకండి. 2025 జులై 24న సాఫ్ట్‌వేర్ లోపంతో ప్రపంచమంతా రెండున్నర గంటలపాటు ఆగిపోయింది. మీ వైపు వసంతంలో వచ్చే ఉరుముల వానలకు కూడా కాసేపు తెగుతుంది.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. డిష్ కంటే ముందు ఫోను. మీ ఫోన్ ప్లాన్‌లో హాట్‌స్పాట్ ఎంత ఉందో చూడండి. మీటింగుకు గంటకు ఒకటి నుంచి రెండున్నర జీబీ దాకా అవుతుంది, ఐదు గంటలకు 13 జీబీ చేతిలో ఉంటే చాలు. ఇప్పటికే డబ్బు కడుతున్న వస్తువుతో ఆ 310లో చాలావరకు ఆపుకోవచ్చు. పోయిన నెల ఇది వాడలేదంటే ఇంట్లో సిగ్నల్ లేదో, ఆలోచన రాలేదో. సిగ్నల్ ఉంటే 5జీ హోమ్ ఇంటర్నెట్ మీ అడ్రసుకు ఇస్తారేమో కూడా అడగండి. సాధారణంగా డిష్ కంటే చవక.

రెండోది, కేబుల్ వాళ్ళను పిలిపించి స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే తీగను చూడమనండి. పాత ఇళ్ళలో ఉడతలు కొరికిన తీగ, నీళ్ళు దిగిన జాయింటు మామూలే. మనిషి వస్తే గంటలో తెమిలే పనికి మీరు రెండేళ్ళుగా అవస్థ పడుతున్నారేమో. నెట్ పోయిన తేదీలు, గంటలు ఒక కాగితం మీద రాసిపెట్టి బిల్లులో తగ్గింపు అడగండి. అడిగినవాళ్ళకే ఇస్తారు.

ఈ రెండూ చేశాక కూడా నెలకు రెండు గంటలకు మించి పోతోందంటే డిష్ తెప్పించండి, కేబుల్ ఉండగానే. నేరుగా కంపెనీ దగ్గర కొంటే 30 రోజుల ట్రయల్ ఉంది, నచ్చకపోతే కిట్ వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. దుకాణంలో కొంటే ఆ దుకాణం షరతులే వర్తిస్తాయి కాబట్టి నేరుగానే కొనండి. ఆ నెలలో కప్పుకు చిల్లులు పెట్టించకండి, కిట్‌తో వచ్చే కాళ్ళ మీదే పెరట్లో ఖాళీచోట నిలబెట్టండి. మీ ఆఫీసు లాప్‌టాప్ డిష్ మీద, పిల్లల టీవీ కేబుల్ మీద పెట్టి పనిచేయండి. ఏది ఎన్నిసార్లు తెగిందో పక్కపక్కనే రాయండి. డిష్ గెలిస్తే అప్పుడు కేబుల్ తీసేయండి. రెండూ శాశ్వతంగా ఉంచుకుంటే నెలకు 230 అవుతుంది, మీ స్థాయి కాంట్రాక్టుకు అది అనవసరం.

పన్ను సంగతి కూడా ముందే తెలుసుకోండి. మీరు డబ్ల్యూ-2 మీద, అంటే కంపెనీ జీతమిచ్చే ఉద్యోగిగా ఉంటే ఈ బిల్లులో ఒక్క డాలరు కూడా ఫెడరల్ రిటర్న్‌లో తగ్గించుకోలేరు. ఆ వెసులుబాటు 2018 నుంచే ఆపేశారు, 2025 చట్టంతో అది శాశ్వతమైంది. 1099 మీదయితే, అంటే సొంతంగా పనిచేసే కాంట్రాక్టరయితే, పనికి వాడిన వంతు షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్కలు చూపే పన్ను ఫారం) లో చూపించుకోవచ్చు. కాలిఫోర్నియా, ఇల్లినాయ్ లాంటి చోట్ల పనికయ్యే ఇలాంటి ఖర్చు ఎంప్లాయరే ఇవ్వాలని చట్టం ఉంది, టెక్సస్‌లో లేదు. అయినా కాంట్రాక్టు రెన్యువల్ మాటలప్పుడు నెలకు 50 అడిగి చూడండి.

డిష్ పెట్టె విప్పేటప్పుడు అట్టలు పారేయకుండా గరాజ్‌లో దాచండి. మీవారి ఫోన్‌లో 25వ రోజుకు అలారం పెట్టించండి. ఆ రోజు ఇద్దరూ కూర్చుని కాగితం చూసి, ఉంచాలా పంపాలా అప్పుడే తేల్చుకోండి.