దేవుని శక్తి గురించి రాయబోతున్న చెల్లికి

ప్రియమైన చెల్లికి,

ప్రభువు నామంలో వందనాలు.

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. రోజువారీ బతుకులో దేవుని శక్తి మీద రాయాలన్న నీ ఆశ మంచిది, రాయాల్సిన విషయమే. అయితే మొదటి మూడు పేజీల్లో నువ్వు నాకెక్కడా కనబడలేదు. 'మహాశక్తి', 'అద్భుతశక్తి', 'అపారమైన శక్తి' అంటూ మాటలు వరసగా వచ్చాయి. అవన్నీ నిజమే, కాదనను. కానీ చదివేవాళ్లకి పట్టుకోవడానికి వాటిలో ఏమీ దొరకదు. నాలుగో పేజీలో, అదీ ఒక పేరా చివర, చిన్న వాక్యం ఒకటి రాశావు. మతిమరపు వచ్చిన అమ్మ అదే ప్రశ్న మళ్లీ అడిగితే, నువ్వు గది బయటికొచ్చి గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడి, "ప్రభువా" అని మాత్రం అనుకుని, మళ్లీ లోపలికెళ్లి మొదటిసారి వింటున్నట్టే జవాబు చెప్పావని. ఆ వెంటనే దాన్నక్కడే వదిలేసి ఎర్రసముద్రం దగ్గరికి వెళ్లిపోయావు.

నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఆ గుమ్మం దగ్గరే. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

దేవుని శక్తి అనగానే మన మనసు పెద్ద పెద్ద సంగతుల వైపే పోతుంది. సముద్రం రెండుగా చీలడం, కర్మెలు కొండ మీద అగ్ని దిగడం, లాజరు సమాధిలోంచి నడిచి రావడం. ఇవి జరిగాయని నేను మనసారా నమ్ముతాను. కానీ మామూలు విశ్వాసులకి అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరాలు చూడు. కొలొస్సయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం 11వ వచనంలో వాళ్ల కోసం ప్రార్థిస్తూ 'ఆయన మహిమ శక్తినిబట్టి సంపూర్ణ బలముతో' వాళ్లు బలపడాలంటాడు. అంత బలం దేనికి? శత్రువుల్ని కూలగొట్టడానికా, నలుగురిలో గొప్పగా నిలబడడానికా? కాదు. ఓర్పు కోసం, దీర్ఘశాంతం కోసం. అదీ ఆనందంతో కూడిన ఓర్పు. అమ్మకి విసుక్కోకుండా జవాబు చెప్పడానికి దేవుని మహిమ శక్తి కావాలని పౌలుకి తెలుసు. మనమేమో ఆ పని మన మంచితనంతో నెట్టుకొద్దామనుకుని, మధ్యాహ్నానికల్లా చేతులెత్తేస్తాం.

ఎఫెసీ పత్రికా అంతే. మొదటి అధ్యాయంలో, క్రీస్తును మృతుల్లోంచి లేపిన శక్తే విశ్వసించే మన విషయంలో పనిచేస్తోందంటాడు. అంతకంటే పెద్ద మాట ఇంకేముంటుంది? అదే ఉత్తరం నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ఆ శక్తి ఎక్కడ దిగిందో చూడు: అబద్ధం మానండి, పొద్దుగూకేదాకా కోపం ఉంచుకోకండి, దొంగిలించినవాడు ఇక దొంగిలించకుండా చేతులతో పనిచెయ్యాలి, నోట చెడ్డమాట రానివ్వకండి. సమాధి రాయిని దొర్లించిన శక్తి వచ్చి మనిషి నాలుక మీద పనిచేస్తోంది. నువ్వు రాయాలనుకునేది సరిగ్గా ఈ దిగి రావడం గురించే కదా. మొదటి అధ్యాయంలోనే ఆగిపోకు, నాలుగో అధ్యాయం దాకా రా.

'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అన్న వచనాన్ని నువ్వు వ్యాసం నెత్తిన పెట్టావు. అందరూ పెడతారు. పరీక్ష హాలుకి వెళ్లేవాళ్లకీ, ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకీ అదే చెప్తారు. తప్పని నేననను. కానీ దాని ముందున్న రెండు వచనాలు కూడా రాయి. బంధకాల్లో ఉన్న మనిషి రాసిన మాటలవి. దీనస్థితిలో ఉండడం తెలుసు, సంపన్నస్థితిలో ఉండడం తెలుసు, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నాను అంటాడు. నేర్చుకున్నానంటున్నాడు, గమనించు. పౌలుకే నేర్చుకోవాల్సి వచ్చిందంటే, ఒక్క ఆరాధనలో ఒక్కసారిగా వచ్చేస్తుందని నీ పాఠకులకి ఆశ పెట్టకు.

ఇక అసలు సంగతికొస్తాను. నీ వ్యాసంలో నాకు నచ్చనిది ఒకే ఒక్క పోలిక. ఆదివారం ఆరాధనలో ఛార్జింగ్ పెట్టుకుని వారమంతా వాడుకునే బ్యాటరీ అని రాశావు. ఈ పోలిక ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ మనసు ఒప్పుకోలేదు. దేవుడు మనకి శక్తిని మూటకట్టి ఇచ్చి, పొదుపుగా వాడుకొమ్మని పంపించెయ్యడు. 'నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు' అన్నాడు యేసు. ద్రాక్షతీగెకి కొమ్మ అంటిపెట్టుకుని ఉన్నంతసేపే దానికి రసం. మంగళవారం సాయంత్రానికి కావాల్సిన బలం మంగళవారం సాయంత్రమే, ఆయన దగ్గరే దొరుకుతుంది. బ్యాటరీ అయిపోయిందనుకునేవాడు వచ్చే ఆదివారం దాకా ఓడిపోతూ ఉంటాడు. తను కొమ్మ అని తెలిసినవాడు గుమ్మం దగ్గరే అడుగుతాడు.

అడిగాక ఏం జరుగుతుంది? ఇక్కడే చాలామంది రచయితలు తడబడతారు. ప్రార్థించాను, ఒళ్లంతా బలం నిండింది, లేచి వెళ్లి చేశాను అని రాస్తారు. కొన్నిసార్లు అలా జరుగుతుంది కూడా. కానీ లేఖనాల్లో వరస చాలాచోట్ల వేరుగా ఉంటుంది. యొర్దాను నది ఒడ్డుల మీదుగా పొర్లి పారుతున్న కాలంలో, దేవుని నిబంధన పెట్టె అయిన మందసం మోసే యాజకుల కాళ్లు నీళ్లలో తడిశాకే పైనుంచి వచ్చే నీళ్లు ఆగాయి. పదిమంది కుష్ఠరోగుల్ని యాజకులకి కనబరచుకోమని ప్రభువు పంపితే, వాళ్లు వెళ్తూ ఉండగా శుద్ధులయ్యారు. ఊచచెయ్యి, అంటే చచ్చుబడిన చెయ్యి, గలవాడితో నీ చెయ్యి చాపమన్నాడు. వాడు చెయ్యలేనిది అదొక్కటే, అదే చెయ్యమన్నాడు. చాపాడు, బాగుపడింది. బలం వచ్చినట్టు అనిపించాక కదులుదాం అనుకుంటే ఆ మూడు కథలూ మొదలే అవ్వవు.

కోరీ టెన్ బూమ్ గురించి నువ్వు వినే ఉంటావు. హాలండులో యూదుల్ని ఇంట్లో దాచినందుకు 1944లో ఆమె కుటుంబాన్ని అరెస్టు చేశారు. అక్క బెట్సీ నాజీల రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలోనే చనిపోయింది. యుద్ధం అయ్యాక 1947లో మ్యూనిక్‌లో ఒక చర్చిలో క్షమాపణ గురించి మాట్లాడి ముగించగానే, ఒకాయన ఆమె వైపు వచ్చాడు. ఆ శిబిరంలో కాపలా ఉన్నవాడు. తర్వాత తను క్రైస్తవుడయ్యానని చెప్పి, క్షమించమంటూ చెయ్యి చాపాడు. అప్పటిదాకా క్షమాపణ మీద ప్రసంగించిన ఆమెకి చెయ్యి లేవలేదు. లోపలంతా చల్లబడిపోయింది. క్షమించడమంటే భావం కాదు, నిర్ణయం అని ఆమెకి తెలుసు. చెయ్యి ఎత్తడం వరకు నేను చేస్తాను, మిగతాది నువ్వే ఇవ్వాలి అని యేసుని అడిగి, కొయ్యబొమ్మలా చెయ్యి ముందుకు పెట్టింది. పెట్టాక అప్పుడు వచ్చింది ప్రేమ. ఆయన్ని నిజంగా క్షమించానని చెప్పగలిగింది.

ఈ సంఘటనలో నా మనసు ఆగేది ఆ తర్వాతి ప్రేమ దగ్గర కాదు, ఆ కొయ్యబారిన చెయ్యి దగ్గర. ఆమె దాన్ని దాచలేదు. దాచి ఉంటే మనకి మిగిలేది ఒక మహానుభావురాలి గొప్పతనం మాత్రమే. చెప్పింది కాబట్టి, ఎవరితోనో ఏళ్ల తరబడి మాటల్లేక, ఫోన్ చేతిలో పట్టుకుని నంబరు నొక్కలేకపోతున్న మనిషికి దారి కనబడుతుంది. నువ్వూ అంతే చెయ్యి. గుమ్మం దగ్గర నీ మనసులో ఏముందో రాయి. విసుగా? కోపమా? ఇదంతా ఎప్పటికి అవుతుందో అన్న ఆలోచనా, ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గా? అది లేకుండా దేవుడు ఏం చేశాడో ఎవరికీ అర్థం కాదు.

అలాగని మనమేమీ చెయ్యక్కర్లేదని, అంతా దేవుడికి వదిలేసి కూర్చుంటే చాలని రాయకు. ఆయన తనలో బలంగా పనిచేస్తున్నాడు కాబట్టే 'పోరాడుచు ప్రయాసపడుచున్నాను' అన్నాడు పౌలు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. శోధన గట్టిగా ఉన్న రాత్రి దేవా బలమివ్వు అని ప్రార్థించి, ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటే ఆ ప్రార్థనకి అర్థం లేదు. లేచి వెళ్లి దాన్ని వేరే గదిలో పెట్టి రావడం కూడా ఆత్మ ఇచ్చిన శక్తే. 2 తిమోతి 1:7లో శక్తి, ప్రేమ, ఇంద్రియ నిగ్రహం మూడూ ఒకే ఆత్మ ఇచ్చినవని ఉంది.

శరీరాన్ని కూడా మర్చిపోకు. మన ఆత్మీయ రచనల్లో మనుషులకి నిద్ర ఉండదు, నీరసం ఉండదు. కర్మెలు మీద అగ్నిని దింపిన ఏలీయా ఆ తర్వాతి అధ్యాయంలోనే బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతే బాగుండునన్నాడు. దేవుడు గద్దించలేదు. ప్రసంగమూ చెయ్యలేదు. పడుకోనిచ్చాడు. దూతని పంపి తట్టి లేపి, తినడానికి రొట్టె, తాగడానికి నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు దాకా నలభై రోజుల నడక ఆ భోజనపు బలంతోనే. అలిసిపోయి ప్రార్థించలేకపోతున్నవాళ్లకి నీ రాతలో ఈ దూత కనబడాలి. ఈ మాట నీ కోసం కూడా రాస్తున్నాను. అమ్మ దగ్గర ఒక పూట ఇంకెవరినైనా కూర్చోమని అడిగి నిద్రపో. సాయం అడగడం అవిశ్వాసం కాదు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా విను. ఓర్పు గురించి ఇంత చెప్పాను కదా, దాన్ని రాసేటప్పుడు చెయ్యి వణకాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న ఒక ఆడమనిషి నీ వ్యాసం చదివి, ఇంకా ఓర్చుకోవడమే దేవుని శక్తి అనుకుంటే ఆ పాపంలో మనకీ భాగం ఉంటుంది. రాజైన సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకుని పారిపోయాడు. దమస్కులో పౌలుని గంపలో పెట్టి గోడ మీదుగా దింపారు. కొరడాలతో కొట్టించబోతే, నేను రోమీయుడిని, విచారణ లేకుండా కొట్టవచ్చా అని నిలదీశాడు. బయటికి నడవడానికీ, ఇక చాలు అని చెప్పడానికీ, నలుగురికీ తెలియజెయ్యడానికీ కూడా బలం కావాలి. ఆ బలమూ ఆయనిచ్చేదే. నీ వ్యాసంలో దీనికి ఒక్క పేరా అయినా ఉండి తీరాలి.

బాగుపడనివాళ్ల గురించి కూడా. నువ్వు రాసిన సాక్ష్యాలన్నీ స్వస్థతతోనే ముగిశాయి. దేవుడు స్వస్థపరుస్తాడు, నేను ఆయన్ని అడుగుతూనే ఉంటాను. కానీ పౌలు, ఎవరి చేతుల ద్వారా రోగులు బాగయ్యారో ఆ పౌలు, తనతో ప్రయాణించిన త్రోఫిము జబ్బుగా ఉంటే మిలేతు ఊళ్లో వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. ఒక్క వాక్యం. వివరణ లేదు, త్రోఫిముకి విశ్వాసం చాలలేదన్న నింద లేదు. నీ అమ్మకి జ్ఞాపకం తిరిగి రాకపోవచ్చు. అయినా ఆ ఇంట్లో దేవుని శక్తి పనిచేస్తోందని నువ్వు రాయగలగాలి. అలా రాస్తేనే ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నవాళ్లు నీ మాట నమ్ముతారు.

రాసే పద్ధతికి కూడా పౌలే మంచి గురువు. 2 కొరింథీ 12వ అధ్యాయం తెరువు. పద్నాలుగేళ్ల కిందట మూడో ఆకాశం దాకా వెళ్లిన సంగతి చెప్తాడు. ఎవరో మనిషి గురించి చెప్తున్నట్టు, కొద్ది మాటల్లో చెప్పి ఊరుకుంటాడు. అక్కడ విన్నవి పలకకూడనివి అంటాడు. తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మూడుసార్లు వేడుకున్నాననీ, తీసెయ్యలేదనీ చెప్పి, ప్రభువు అన్నమాట అక్షరాలా రాస్తాడు: 'నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది.' దర్శనం గురించి తక్కువ, బలహీనత గురించి ఎక్కువ. పైగా ఆ ముల్లు ఏమిటో చెప్పనే లేదు. చెప్పకపోవడం వల్లే ఎవరి ముల్లు వాళ్లు పట్టుకుని ఆ వచనం దగ్గరికి రాగలుగుతున్నారు. నువ్వు కూడా అన్నీ విప్పి చెప్పనక్కర్లేదు. అమ్మ మర్యాదకి భంగం కలిగించే వివరాలు ఎంత ఆసక్తిగా ఉన్నా తీసెయ్యి. అది ఆమె జీవితం, మన రచనకి సరుకు కాదు.

తిరగరాసేటప్పుడు విశేషణాలు తగ్గించు. 'శక్తి' అన్న మాట కనబడిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ అది ఏం చేసింది, ఎవరి నోట, ఎవరి చేతిలో, ఏ గంటకి అని అడుగు. జవాబు ఉంటే అది రాయి, లేకపోతే ఆ వాక్యం కొట్టెయ్యి. ఓడిపోయిన రోజులు కూడా ఉంటాయి కదా, ఒకటైనా రానివ్వు. అమ్మ మీద అరిచేసి, తర్వాత వెళ్లి క్షమించమని అడిగి ఉంటే, అలా అడగనిచ్చింది కూడా ఆయన శక్తే.

అయ్యాక నాకు పంపే ముందు ఇంట్లో నిన్ను రోజూ చూసేవాళ్లెవరికైనా చదివి వినిపించు. సంఘంలో నిన్ను మెచ్చుకునేవాళ్లకి వద్దు. నీ మొహం ఎప్పుడు మాడుతుందో, ఎప్పుడు గొంతు పెరుగుతుందో తెలిసినవాళ్లకి. "ఇది ఇలా జరగలేదు" అని వాళ్లు ఎక్కడ అంటారో అక్కడ దిద్దు.

నీ కోసం, అమ్మ కోసం ప్రార్థిస్తూ,
అక్క