వానలో వేటకి స్టెయిన్‌లెస్ రైఫిల్ మంచిదా, బ్లూయింగ్ చేసినదా?

మొదటి వేట రైఫిల్ కొంటున్నానని, వేట ఎక్కువగా వానలోనే ఉంటుందని, స్టెయిన్‌లెస్ తీసుకోవాలా లేక బ్లూయింగ్ చేసిన, అంటే పైన నల్లటి పొర తెప్పించిన మామూలు ఉక్కు తీసుకోవాలా అని అడిగారు. మీరు చెప్పిన పరిస్థితికి స్టెయిన్‌లెస్ తీసుకోండి. జవాబు అంతే. కానీ అది కొనేశాక ఇక తుప్పు గొడవ లేదనుకుంటే మాత్రం నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నా మొదటి రైఫిల్ మా నాన్నది. బోల్ట్ యాక్షన్, అంటే బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసి తూటా ఎక్కించే రకం. బ్యారెల్‌ని, అంటే గొట్టాన్ని, పట్టి ఉంచి భుజానికి ఆనే స్టాక్ వాల్‌నట్ చెక్కది. బ్యారెల్ మీద బ్లూయింగ్ ఎంత నిగనిగలాడేదంటే దగ్గరగా చూస్తే ముఖం కనిపించేది. నా చేతికిచ్చిన రోజు నాన్న ఒక్క మాటే అన్నారు: "చెమట చేత్తో ఇనుము ముట్టుకుంటే తుడవకుండా పెట్టకు." సరేనన్నాను.

ఆ సీజన్‌లోనే మామయ్యతో మూడు రోజుల వేటకి వెళ్లాను. మూడు రోజులూ ముసురు. జోరున కురిస్తే మనిషి ఎక్కడో ఒకచోట ఆగిపోతాడు, తుపాకీ కూడా తడవదు. సన్నగా పడుతుంటే ఏం కాదులే అని తిరుగుతూనే ఉంటాం. ఆ సన్నటి నీళ్లే స్టాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోకి దిగుతాయి. రోజూ రాత్రి డేరాలో కూర్చుని పాత బనీను ముక్కతో బ్యారెల్ తుడిచేవాణ్ణి, నూనె రాసేవాణ్ణి, లోపలికి కూడా నూనె గుడ్డ ఒకసారి తోసేవాణ్ణి. రెండో రాత్రి మామయ్య చూసి, "స్టాక్ విప్పి తుడిచావురా?" అన్నాడు.

"ఇప్పుడు విప్పితే గురి మారుతుంది మామయ్యా, ఇంటికెళ్లాక విప్పుతాలే."

విప్పి బిగిస్తే గురి కొద్దిగా మారొచ్చన్నది నిజమే. కానీ ఆ రాత్రి నన్ను ఆపింది గురి కాదు, బద్ధకం. చలికి వేళ్లు బిగుసుకుపోయాయి, స్క్రూడ్రైవర్ సంచి అడుగున ఎక్కడో ఉంది.

మూడో రోజు చీకటిపడ్డాక తడిసిన రైఫిల్‌ని అలాగే కేస్‌లో పెట్టి జిప్పు వేసేశాను. ఇంటికొచ్చాక జ్వరం, తర్వాత పని. తొమ్మిది రోజుల తర్వాత కేస్ తెరిచాను. ముందు ముక్కిపోయిన స్పాంజి వాసన కొట్టింది. ఆ కేస్ లోపలి స్పాంజి గుడ్ల ట్రేలాగా మిట్టలు మిట్టలుగా ఉంటుంది. బ్యారెల్‌కి ఒక్కో మిట్ట ఆనిన చోట ఒక్కో నారింజ రంగు చుక్క, వరసగా, అచ్చు గుద్దినట్టు. నూనె పోసి, అన్నిటికంటే సన్నటి నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దితే చుక్కలు చాలావరకు పోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు స్టాక్ స్క్రూలు విప్పాను. చెక్క ఉబ్బిపోయి బ్యారెల్ బయటికి రాలేదు. అరచేత్తో తడుతూ తడుతూ ఊడదీస్తే అడుగు వైపు జానెడు పొడవున ఎర్రటి పెచ్చు కట్టి ఉంది. పెచ్చు తుడిచాక మశూచి మచ్చల్లాంటి గుంటలు తేలాయి. గోరు పెట్టి లాగితే గోరు ఆగుతోంది. బయట ఎవరికీ కనపడని చోటు అది. నాన్నకి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆయన గుంటల మీద వేలు రాసి చూసి, "లోపల ఎలా ఉంది?" అని మాత్రం అడిగారు. నూనె గుడ్డ తోసినందువల్ల లోపల శుభ్రంగానే ఉంది. అదొక్కటే దక్కింది.

అప్పటినుంచి నాకు బాగా నాటుకుపోయిన సంగతి ఒకటుంది. తుపాకీకి తుప్పు అడవిలో పట్టదు, ఇంటికొచ్చాక కేస్‌లో పడుతుంది. అడవిలో గాలి ఆడుతుంది, చేతిలో గుడ్డ ఉంటుంది, మనసు దాని మీదే ఉంటుంది. కేస్‌లో తడి, చీకటి, మన మతిమరుపు. స్పాంజి కేస్ ప్రయాణానికి మాత్రమే. తోలు ఒర అంతకంటే చెడ్డది, తోలు తేమ పట్టి ఉంచుతుంది, తోలు ఊనే రసాయనాలు ఇనుముకి పడవు. అయినా కొత్తగా కొన్నవాళ్లంతా అందంగా ఉందని రైఫిల్‌ని ఏడాది పొడవునా అందులోనే దాచిపెడతారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

బ్లూయింగ్ అంటే పెయింట్ లాంటి పూత అనుకునేవాళ్లు చాలామంది. అది ఉక్కు మీద ఉక్కుతోనే పుట్టించిన నల్లటి ఆక్సైడ్ పొర. ఒక రకంగా అదీ తుప్పే, కాకపోతే పెచ్చులూడని తుప్పు. ఫ్యాక్టరీల్లో కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి సుమారు 140 డిగ్రీల దగ్గర మరిగే ద్రావణంలో ముంచి ఆ పొర తెప్పిస్తారు. పాత పద్ధతిలో కావాలని సన్నగా తుప్పు పట్టించి, నీళ్లలో ఉడికించి నల్లగా మార్చి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ మళ్లీ అదే చేసేవాళ్లు. ఎలా చేసినా ఆ పొర చాలా పల్చన. దానంతట అది నీళ్లని పెద్దగా ఆపలేదు. అది చేసే మేలల్లా నూనెని పట్టి ఉంచడం. నూనె లేని బ్లూయింగ్ రంగు మాత్రమే. తుప్పు పోవడానికి వెనిగర్ రాయమని సలహాలిచ్చేవాళ్లున్నారు, దయచేసి వినకండి. వెనిగర్ తుప్పుతో పాటు బ్లూయింగ్‌ని కూడా ఊడ్చేస్తుంది.

ఆ దెబ్బతో స్టెయిన్‌లెస్ కొన్నాను. స్టెయిన్‌లెస్ పుట్టిందే తుపాకీ గొట్టాల కోసం చేసిన పరిశోధనలో. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ అనే లోహ శాస్త్రజ్ఞుడు గొట్టం లోపల వేడికి అరిగిపోని ఉక్కు కోసం వెతుకుతూ, 1913లో దాదాపు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కు తయారుచేశాడు. అది తుప్పుకి లొంగలేదు. ముందు ఊపందుకున్నది మాత్రం తుపాకుల్లో కాదు, చాకుల్లో.

అయితే రైఫిల్ స్టెయిన్‌లెస్, వంటింటి గరిటె స్టెయిన్‌లెస్ ఒకటి కావు. గరిటెలో సాధారణంగా 18 శాతం క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటాయి. బ్యారెళ్లకి ఎక్కువగా వాడే 416ఆర్ రకంలో క్రోమియం 12, 13 శాతమే. పైగా తేలిగ్గా కోతకి రావాలని గంధకం కలుపుతారు, దానివల్ల తుప్పుని తట్టుకునే శక్తి కొంత తగ్గుతుంది. చెమట, ఉప్పు గాలి తగిలి అలాగే వదిలేస్తే దానికీ మచ్చలు పడతాయి, గుంటలు కూడా పడతాయి. ఇవేవీ నాకు కొన్న రోజు తెలియవు. స్టెయిన్‌లెస్ కదా అని తుడవడమే మానేశాను.

రెండో సీజన్. వాన వెలిసిన పొద్దున్న, ఎనభై అడుగుల దూరంలో పొద పక్కన జింక పక్కకి తిరిగి నిలబడింది. అంత దగ్గరగా, అంత నిలకడగా దొరకడం అరుదు. ఊపిరి బిగపట్టి ట్రిగ్గర్ నొక్కాను. టక్‌మని చప్పుడు, అంతే. జింక తల ఎత్తి చూసి మెల్లగా వెళ్లిపోయింది. ఒక్కోసారి తూటా ఆలస్యంగా పేలుతుంది కాబట్టి మూతిని మనుషులు లేని వైపే ఉంచి అర నిమిషం ఆగి, అప్పుడు బోల్ట్ తెరిచాను. తూటా అడుగున మందు అంటించే ప్రైమర్ మీద, దాన్ని కొట్టాల్సిన ఫైరింగ్ పిన్ గాటు ఉండీ లేనట్టుంది.

ఇంటికొచ్చి బోల్ట్ విప్పితే ఆ పిన్నుని ముందుకి తోసే లోపలి స్ప్రింగ్ గోధుమరంగులో ఉంది. పాత నూనె, తుప్పు కలిసి గుజ్జులా అంటుకున్నాయి. బయట మెరిసే బ్యారెల్, లోపల మామూలు ఉక్కు స్ప్రింగ్! గురి చూసే స్కోప్‌ని బిగించే బేస్ స్క్రూలు కూడా అంతే, తలల్లో ఎర్రటి పొడి. స్టెయిన్‌లెస్ అని పెద్దక్షరాలతో రాసి అమ్మేవాళ్లు లోపల ఏది స్టెయిన్‌లెస్సో ఏది కాదో ఒక చిన్న కాగితం మీద రాసిస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? స్ప్రింగులు, పిన్నులు, స్క్రూలు చాలా రైఫిళ్లలో మామూలు ఉక్కే. కొన్న రోజే అడిగి తెలుసుకోండి, బోల్ట్ ఎలా విప్పాలో కూడా చూపించమనండి. బోల్ట్ లగ్గులకి, అంటే బోల్ట్‌ని మూసినప్పుడు పట్టి ఉంచే పళ్లకి, కొంచెం గ్రీజు రాయడం మానొద్దు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకుంటే గీరుకుపోతుంది.

స్టెయిన్‌లెస్ మెరుపుకి జంతువులు బెదురుతాయంటారు. ఇప్పుడు మెరవని మ్యాట్ రకాలు వస్తున్నాయి. నన్నడిగితే జింకని బెదరగొట్టేది మన చెయ్యి కదలడమే. స్టెయిన్‌లెస్ తీసుకుంటే స్టాక్ మాత్రం సింథటిక్‌దే తీసుకోండి. చెక్క నీళ్లు తాగి ఉబ్బి బ్యారెల్‌ని నొక్కితే గురి తప్పుతుంది, అప్పుడు స్టెయిన్‌లెస్ కొన్న ఫలితం సగం పోయినట్టే.

ఇంకోటి. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన వెంటనే కేస్ తెరవకండి, చల్లటి ఇనుము మీద చెమట పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు బయటికి తీసి ఆరబెట్టండి. నూనె రాసి దాచేటప్పుడు మూతి కిందికి ఉంచితే నూనె చెక్కలోకి దిగదు. మళ్లీ వేటకి వెళ్లేముందు బ్యారెల్ లోపల పొడి గుడ్డ తోయండి, లేకపోతే మొదటి తూటా వేరే చోట తగులుతుంది.

వానకి స్టెయిన్‌లెస్, ఎండ రోజుల్లో నాన్న రైఫిల్. ఇప్పటికీ అలాగే వెళ్తున్నాను. దానికి మళ్లీ బ్లూయింగ్ చేయించమని కొందరన్నారు. గుంటలు పోయేదాకా అరగదీస్తే బ్యారెల్ పల్చబడుతుంది, అందుకని ముట్టుకోలేదు. ప్రతి సీజన్ అయ్యాక స్టాక్ విప్పి, ఆ జానెడు మేరా నూనె వేలితో రాసి, వెలుతురులో చూసి మళ్లీ బిగిస్తాను. ఇప్పటివరకు కొత్త గుంట పడలేదు.