కారు కొనకుండా నెట్టుకురాగలమా?

ప్రశ్న: ఉద్యోగాల వల్ల కొత్త ఊరికి వచ్చాం. నేను, మావారు, ఏడేళ్ల పాప. ఇంకా సొంతంగా ఇల్లు చూసుకోలేదు. అందరూ కారు కొనేయమంటున్నారు. ఈఎంఐ మొదలైతే ఐదేళ్లు చేతులు కట్టేసినట్టే అని నా టెన్షన్. బస్సులు, రైళ్లతో సరిపెట్టుకుందామంటే "పెట్రోలు ఖర్చు, ముగ్గురి టికెట్లు లెక్కేస్తే ఇంచుమించు ఒకటే, ఈ అవస్థ ఎందుకు" అంటారు మావారు. కారు లేకుండా తక్కువలో తిరగడం నిజంగా అయ్యే పనేనా?
- పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: అవుతుందండీ. ఇంకా ఇల్లు తీసుకోలేదన్నారు కదా, అదే మీకు కలిసొచ్చే విషయం, ఎందుకంటే రేపు మీరు పడే అవస్థ ఎంతన్నది ఇప్పుడు చూసుకునే ఇంటిమీదే ఆధారపడుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు స్టాప్ ఎంత దూరమని అందరూ అడుగుతారు. ఆ స్టాపులో బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తుందో మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. పది నిమిషాలకో బస్సుంటే టైమ్ చూసుకోకుండా వెళ్లి నిలబడినా సగటున ఐదు నిమిషాల్లో ఎక్కేస్తారు. గంటకొకటి ఉండే చోట అదే లెక్క అరగంట అవుతుంది, కళ్ల ముందే బస్సు వెళ్లిపోయిందా, ఇక ఆ గంట పోయినట్టే. గుమ్మం ముందు గంటకో బస్సు ఆగే ఇంటికన్నా, పది నిమిషాలు నడిస్తే ఎడతెరిపి లేకుండా బస్సులు తిరిగే రోడ్డు తగిలే ఇల్లు మేలు. అదీ పొద్దున తొమ్మిదింటికి చూసి మురిసిపోవద్దు, రాత్రి తొమ్మిది దాటాక ఎలా ఉంది, ఆదివారం ఎలా ఉంది, లాస్ట్ బస్సు ఎన్నింటికి, ఇవన్నీ చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఇక మీవారి లెక్క. పెట్రోలును టికెట్‌తో పోల్చడం దగ్గరే అది తప్పింది. కారుకి అయ్యే ఖర్చులో పెట్రోలు ఒక భాగమే. వడ్డీ, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు, పార్కింగ్ ఉన్నాయి, వీటన్నిటితో పాటు ఏటేటా పడిపోయే కారు విలువ ఒకటుంది, ఈ చివరిది జేబులోంచి తీసి ఇవ్వం కాబట్టి ఎవరికీ ఖర్చులా కనిపించదు. బండి కదలకుండా ఇంటి ముందు పడి ఉన్నా వీటిలో చాలావరకు ఆగవు. అయితే ఆయన మాటలో ఒక నిజం లేకపోలేదు. కారు కొనేశాక మాత్రం ముగ్గురు కలిసి వెళ్లే ఒక ట్రిప్పుకి టికెట్లకన్నా పెట్రోలే చవకగా అనిపించవచ్చు. అందుకే కొన్నవాళ్లు మళ్లీ బస్సు వైపు చూడరు. కారూ ఉంచుకుని పాసూ తీసుకుంటే రెండువైపులా ఖర్చు. కాబట్టి ఆలోచించాల్సింది కొనకముందే.

పాస్ కూడా కళ్లు మూసుకుని తీసుకోవద్దు. పాస్ ధరను ఒక టికెట్ ధరతో భాగించండి, వచ్చిన సంఖ్యకన్నా ఎక్కువసార్లు ఎక్కితేనే లాభం. నెలలో 22 రోజులు ఆఫీసుకి వెళ్లేవాళ్లకి 44 ట్రిప్పులు అవుతాయి, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేసేవాళ్లకి అందులో సగం కూడా రావు. అలాంటివాళ్లకి విడి టికెట్లే నయం. బస్సు దిగి రైలు ఎక్కితే అదే టికెట్ చెల్లుతుందా, పాపకి ఏ వయసు దాకా రాయితీ, ఈ రెండూ కౌంటర్‌లో అడగండి. లండన్‌లోలా ఛార్జీకి రోజువారీ పరిమితి ఉన్న చోటైతే ఇంత లెక్క కూడా అక్కర్లేదు, ఒకే కార్డు చూపిస్తూ పోతే ఆ మొత్తం చేరాక ఆ రోజుకి ఇక డబ్బు కోయరు. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి దేశమంతా బస్సులు, ట్రాములు, రైళ్లలో రెండో తరగతి ఉచితమే. ఉచితమైనా బస్సు రావాలి కదా, అందుకే ముందు ఎన్ని నిమిషాలకో బస్సు అన్న గొడవ చెప్పాను.

ఇంకో మాట, కారుకి పెట్టని డబ్బులో కొంత ప్రతి నెలా ట్యాక్సీకని పక్కన పెట్టండి. జోరువాన, పాపకి జ్వరం, అర్ధరాత్రి రైలు దిగడం, ఇలాంటప్పుడు బస్సే ఎక్కాలని పట్టుబట్టేవాళ్లే విసిగిపోయి చివరికి కారు కొంటారు. ట్యాక్సీ ఎక్కితే ఓడిపోయినట్టేం కాదు.

ప్రశ్న: మా రూట్లో అరగంట ఒక్క బస్సూ రాదు, వస్తే రెండు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. డ్రైవర్లు కబుర్లు చెప్పుకుంటూ వస్తారా ఏంటి?

జవాబు: పాపం, వాళ్ల తప్పు తక్కువేనండీ. ముందు బస్సు ఏ ట్రాఫిక్‌లోనో కాస్త ఆలస్యమైందనుకోండి, ఆలోపు ప్రతి స్టాపులో జనం పెరుగుతారు, వాళ్లందరూ ఎక్కేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకి ఎక్కేవాళ్లు మిగలరు కాబట్టి అది చకచకా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. కిక్కిరిసిన బస్సు ఆలస్యంగా వచ్చిందంటే తోసుకుని ఎక్కకుండా ఒక్క క్షణం వెనక్కి చూడండి, ఖాళీది వస్తూ ఉండవచ్చు. లాస్ట్ బస్సు దగ్గర మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.

ప్రశ్న: ఫోన్లో రెండు నిమిషాల్లో బస్సు అని చూపిస్తుంది, అది మాత్రం రాదు. నమ్మాలా, వద్దా?

జవాబు: అది టైమ్‌టేబుల్‌లోని టైమా, బస్సు ఇప్పుడున్న చోటుని బట్టి చెప్పే టైమా అన్నదాన్ని బట్టి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్ టైమ్‌టేబుల్‌ని గూగుల్‌కి ఇవ్వడంతో అందులో బస్సు టైమ్‌లు చూసుకునే సౌకర్యం మొదలైంది, అప్పుడు అది కాగితం మీది టైమే. బస్సులోని జీపీఎస్‌ని బట్టి ఇప్పుడెక్కడుందో చెప్పడం గూగుల్‌లో తర్వాత వచ్చింది. చాలా యాప్‌లు ఈ రెండింటినీ వేరే రంగులోనో, పక్కన చిన్న గుర్తుతోనో చూపిస్తాయి. గుర్తు లేకపోతే అది టైమ్‌టేబుల్ మాత్రమే, ఇంటర్వ్యూ లాంటి పని ఉంటే దాని ముందు బస్సుకే వెళ్లండి.