తాబేలు కన్నీళ్లు, ఫోన్ సారీలు

ప్రశ్న: మేం తిరువాన్మియూర్‌లో ఉంటాం. డెబ్బై దాటిన మా అమ్మ ఈ మధ్య ఫోన్‌లో ఏఐతో తెలుగులో కబుర్లు చెబుతోంది. "పొద్దున్నుంచీ పనిచేస్తోంది పాపం, కాసేపు వదిలెయ్యవే" అంటుంది నాతో. అదే అమ్మ, తాబేళ్ల కోసం బీచ్ దగ్గర లైట్లు ఆర్పమన్నారంటే మాత్రం "తాబేలుకేం తెలుస్తుందే, చీకట్లో మనుషులు పడిపోతే?" అంటుంది. రోజూ ఇదే గొడవ. తప్పెవరిదండీ?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మగారిని ఏమీ అనకండి, ఆవిడ చేస్తున్నదే మనమందరం చేస్తున్నాం. మన భాషలో పలికినదానికి మనసుందని ఇట్టే నమ్మేస్తాం, పలకనిదానికైతే రుజువు అడుగుతాం. ఇది ఇవాళ్టిది కూడా కాదు. 1966లో అమెరికాలోని ఎమ్ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఒక ప్రోగ్రామ్ రాశాడు. మనం అన్నమాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికేమీ రాదు, అమ్మ మీద కోపంగా ఉందంటే మీ అమ్మ గురించి ఇంకా చెప్పండి అంటుంది, అంతే. నెలల తరబడి ఆ ప్రోగ్రామ్ తయారవడం కళ్లారా చూసిన ఆయన సెక్రటరీయే దానితో నాలుగు మాటలు మాట్లాడి, మీరు కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్నే గదిలోంచి పంపించేసింది!

ఇప్పుడు తాబేలు సంగతి. 1988 నుంచి ఇక్కడ విద్యార్థులు రాత్రిళ్లు తీరం వెంట నడిచి ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల గుడ్లు కాపాడుతున్నారు. పోయినేడాది ఫిబ్రవరిలో నేనూ నీలాంకరై నుంచి వాళ్లతో నడిచాను. రెండింటికి కాబోలు, ఇసుకలో ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ, దాని చివర తాబేలు. గుడ్లు పెట్టేసి, వెనక కాళ్లతో ఇసుక పూడ్చి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబదబా కొడుతోంది, గచ్చు వేసేముందు మట్టి దిమ్మిస కొడతారే అచ్చం అలాగ. కళ్లలోంచి చిక్కగా నీళ్లు. నా పక్కనున్నావిడ "పురిటి నొప్పులు పాపం" అని తనూ కళ్లొత్తుకుంది. నిజానికి అది ఏడుపు కాదు. ఒంట్లో చేరిన సముద్రపు ఉప్పుని కళ్ల దగ్గరుండే గ్రంథులు బయటికి పంపేస్తాయి, నీళ్లలో ఉన్నప్పుడూ అదే పని, కాకపోతే మనకి కనబడదు. ఫోన్‌లో ఏఐ చెప్పే సారీ, ఈ కన్నీళ్లు రెండూ ఒకటే, మనలాగే ఉన్నాయని మనం కరిగిపోతాం.

అలాగని తాబేలుకి కష్టం లేదనుకునేరు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, చేపలు పట్టే ట్రాలర్ పడవల వలలో చిక్కితే పైకి రాలేక మునిగి చస్తుంది. అప్పుడు కన్నీళ్లు కనబడవు, చూసేవాళ్లూ ఉండరు.

లైట్ల దగ్గరికొస్తే, తాబేలుకి ఏం తెలుసన్న వాదనే అక్కర్లేదు. గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజులకి పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. లక్షల ఏళ్లుగా ఆ వెలుతురు సముద్రం వైపే ఉండేది, ఇప్పుడు రోడ్డు వైపుంది. అలా రోడ్డెక్కినవి కుక్కల నోట్లోనో టైర్ల కిందో పోతాయి. అమ్మగారి భయమూ న్యాయమే, కాబట్టి అన్నీ ఆర్పక్కర్లేదు, సముద్రం వైపు కనబడే దీపాలకి మూత పెట్టి నేల మీదికి వంచితే నడిచేవాళ్లకి దారి కనిపిస్తుంది, అదీ తాబేళ్ల సీజన్‌లో నాలుగైదు నెలలు. మీ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో అడిగి చూడండి (మా దగ్గర అడిగితే దొంగలొస్తారన్నారు, అది వేరే కథ). ఫోన్ మీద ఆవిడ జాలి మాత్రం మాన్పించకండి. ఫోన్ అలిసిపోదు గానీ దాని వెనకున్న డేటా సెంటర్లకి కరెంటు కావాలి, చల్లబరచడానికి చాలాచోట్ల నీళ్లూ కావాలి. 2019 వేసవిలో చెరువులెండిపోయి ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకు నిలబడ్డ ఊరు మనది, ఆ పాపం ఏదో అటు కూడా అనమనండి.

ప్రశ్న: 2022లో మద్రాసు హైకోర్టు ప్రకృతిని ప్రాణమున్న జీవిగా గుర్తించి హక్కులిచ్చిందట. నవ్వొస్తోంది. చెరువు కోర్టుకొస్తుందా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: దేవుడొస్తున్నాడా? గుడి మాన్యం దేవుడి పేరు మీదే ఉంటుంది, ఆక్రమిస్తే దేవుడి పేరుతోనే దావా పడుతుంది, మీరెప్పుడూ నవ్వలేదు. కంపెనీ కూడా చట్టం దృష్టిలో వ్యక్తే. అయినా చెరువు కోర్టుకి రాకపోయినా 2015 డిసెంబర్ వరదల్లో మీ వేళచ్చేరి ఇళ్లలోకి వచ్చింది కదా.

చిక్కు మరోచోట ఉంది. 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకి ఇలాగే హక్కులిచ్చి, కొందరు అధికారులని సంరక్షకులుగా పెట్టింది. వరదొచ్చి మనుషులు పోతే నది మీద కేసు వేస్తారా, నష్టపరిహారం ఎవరివ్వాలి అని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. గుడికైతే ధర్మకర్త సరిగ్గా చూడకపోతే ఊరివాళ్లు నిలదీస్తారు. చెరువుకి ధర్మకర్త ఎవరు, వాడిని నిలదీసేదెవరు అన్న దగ్గరే కథ ఆగి ఉంది.